సంక్రాంతికి శ్రీలంక కొండల్లో బస: ఏ వైపు కొండ, ఎన్ని రాత్రులు, ముందే ఏం అడగాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. సంక్రాంతి సెలవుల్లో ఐదు రాత్రులు శ్రీలంక వెళ్తున్నారు. మీరిద్దరు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు, తొమ్మిదేళ్ల పాప. అందరూ శాకాహారులు. ఏజెంటేమో బెంటోటా, మిరిస్సా అని బీచ్ ప్యాకేజీ చేతిలో పెట్టాడు. మీకేమో సముద్రం వద్దు, లోపల కొండల్లో జనం లేని ఒక లాడ్జిలో కదలకుండా కూర్చోవాలనుంది. బోరు కొడుతుందా, వాన పడుతుందా, జలగలు పట్టుకుంటాయా, తిండి దొరుకుతుందా అని భయాలు.

వెళ్లండి. ఒకే చోట మూడు రాత్రులు, జనవరి కాబట్టి పడమటి వైపు కొండల్లో: హట్టన్, డిక్‌ఓయా, నార్వుడ్, మస్కెలియా, బొగవంతలావ చుట్టుపక్కల ఎక్కడైనా. తూర్పు వైపున్న ఎల్లా, హపుతలే పేర్లు మీకు చాలామంది చెప్తారు, ఫొటోలు కూడా అవే కనిపిస్తాయి. అవి మంచి ఊళ్లే, కానీ మీరు వెళ్లే నెలలో కాదు.

నేను కొలంబోలో ఒక గార్మెంట్ కంపెనీలో తొమ్మిదేళ్లు అకౌంట్స్ చూశాను. శుక్రవారం సాయంత్రం లెడ్జర్ మూసి కొండెక్కడం, ఆదివారం రాత్రికి దిగడం అలవాటైపోయింది. తిరిగొచ్చేశాక కూడా ఏడాదికోసారి వెళ్తూనే ఉన్నాం. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఈ 'ఏ వైపు' సంగతి. శ్రీలంక నడిబొడ్డున కొండలు గోడలా నిలబడి ఉంటాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి పడమటి వైపు వాన కురిపించేసి, గోడ దాటి తూర్పుకు పొడిగా దిగుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి, అప్పుడు ఇదంతా తిరగబడుతుంది. అక్టోబర్, నవంబర్‌లలో ఇటూ అటూ రెండు వైపులా మధ్యాహ్నం ఉరుములే. ఒకే దేశంలో, అరవై డెబ్భై కిలోమీటర్ల తేడాలో, ఒకచోట ఎండ, ఒకచోట ముసురు. ఇవన్నీ గుర్తుండవు అనుకుంటే నాకు ఒక టీ ఫ్యాక్టరీ ముసలాయన చెప్పిన కిటుకు చెప్తాను: ఆ నెలలో ఎక్కడి టీ బాగుంటుందో అక్కడ దిగండి. చల్లటి పొడిగాలి తగిలినప్పుడే ఆకుకు వాసన వస్తుంది. హట్టన్ వైపు డింబుల టీకి మంచి కాలం జనవరి నుంచి మార్చి. హపుతలే, బండారవెల, బదుల్ల వైపు ఊవా టీకి జూలై నుంచి సెప్టెంబర్. టీకి ఏ గాలి పడుతుందో మనకూ అదే పడుతుంది. ఇన్నేళ్లలో ఈ లెక్క నాకు పెద్దగా తప్పలేదు.

తప్పింది ఒకసారి, అదీ లెక్క తెలియక ముందు. మా అత్తగారిని తీసుకుని డిసెంబర్ నెలాఖరులో హపుతలే వెళ్లాం. ఊరు కొండ అంచు మీద, దాదాపు 1,430 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కిందికి చూస్తే దక్షిణాన మైదానమంతా కనపడుతుందని చెప్పి తీసుకెళ్లాను. నాలుగు రోజులు మంచు పొగ, జల్లు, మళ్లీ మంచు పొగ. లిప్టన్స్ సీట్ అని థామస్ లిప్టన్ కూర్చుని తన తోటలు చూసుకున్న చోటుందంటారు, అక్కడిదాకా ఆటోలో వెళ్లి పక్కనున్న మనిషి మొహం కూడా సరిగా కనపడక తిరిగొచ్చాం. "ఇంత ఖర్చు పెట్టి తెల్ల దుప్పటి చూపించావు నాయనా" అంది మా అత్తగారు. ఇప్పటికీ ఇంట్లో ఏ ప్రయాణం మాటొచ్చినా ఆ దుప్పటి బయటికొస్తుంది. మరుసటి ఏడు ఆగస్టులో అదే గదిలో దిగాం. ఈదురుగాలి ఉందిగానీ, రాత్రిపూట దూరంగా కింద ఊళ్ల దీపాలన్నీ కనపడ్డాయి.

నకల్స్ కొండలు (స్థానికంగా దుంబర అంటారు) నాకు అన్నిటికంటే ఇష్టం. జనవరిలో అక్కడ తూర్పు వాలు తడిసి ముద్దయి ఉంటుంది, జలగలు దండిగా ఉంటాయి, దారులు నడక వాళ్లకే. మోకాళ్ల నొప్పులున్న మనిషితో వద్దు.

ఇక 'లాడ్జి' అనే మాట. మన దగ్గర లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా ఉండే మూడంతస్తుల మేడ, అక్కడ అలా కాదు. కొండల్లో మీకు మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి, పాత తేయాకు ఎస్టేట్ల దొరల బంగళాలు. ఇంగ్లీషు వాళ్ల కాలంలో సూపరింటెండెంటు కోసం కట్టినవి, నాలుగైదు గదులు, పెద్ద వరండా, పచ్చిక, పాత వంటవాడు. ఇవి బాగుంటాయి, ఖరీదు కూడా అందుకు తగ్గట్టే. రెండు, స్థానిక కుటుంబాలు నడిపే ఆరేడు గదుల లాడ్జిలు. మీలాంటి వాళ్లకు ఇవే సరి. మూడు, ప్రభుత్వ శాఖల సర్క్యూట్ బంగళాలు, వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్లవి. హోర్టన్ ప్లెయిన్స్ అడవిలోపల గినిహిరియ, మహాఎలియ అని రెండున్నాయి. 2,100 మీటర్ల పైన, జనవరిలో తెల్లవారితే గడ్డి మీద పొడి మంచు పడే చోటు. అమ్మగారితో ఆ సాహసం చేయకండి.

ఎత్తు గురించి కంగారు అక్కర్లేదు. హార్సిలీ హిల్స్ ఎంత ఎత్తో హట్టన్ స్టేషన్ ఇంచుమించు అంతే, 1,260 మీటర్ల చిల్లర. ఊపిరాడకపోవడం లాంటివి ఉండవు. రాత్రి పన్నెండు, పదమూడు డిగ్రీల దాకా దిగుతుంది, ఒక్కోసారి ఇంకాస్త. స్వెటర్, మేజోళ్లు, అమ్మగారికి మంకీ క్యాప్ చాలు. గదుల్లో హీటర్లు అరుదు. పక్కలో పెట్టుకోవడానికి వేణ్ణీళ్ల రబ్బరు సంచి అడిగితే ఇస్తారు. పరుపులు చెమ్మగా తగులుతాయి, అది మురికి కాదు, ఆ గాలే అంత.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి మాట్లాడండి. మెసేజీలు కాదు, ఫోన్. నేను అడిగే మొదటి ప్రశ్న గది గురించి కాదు: "చివరి మూడు కిలోమీటర్ల రోడ్డు ఎలా ఉంది? మామూలు కారు గుమ్మందాకా వస్తుందా?" ఎస్టేటు రోడ్లు ఆకు లారీల కోసం వేసినవి. రాళ్లు తేలి, మలుపుల్లో గట్టు విరిగి ఉంటాయి. ఒక లాడ్జివాళ్లు (పేరెందుకులెండి) "వచ్చేయొచ్చు సార్" అన్నారు. తీరా మెయిన్ రోడ్డు దిగాక నాలుగో మలుపులో కారు అడుగు రాయికి తగిలింది, డ్రైవరు ఇంక కదలనన్నాడు. సామాన్లు నెత్తిన పెట్టుకుని నేనూ మావాడూ నడిచాం. మా అత్తగారిని, కోసిన ఆకు సంచులు మోసుకెళ్తున్న ట్రాక్టరు వాడు ఎక్కించుకున్నాడు. పచ్చి ఆకు సంచుల మీద రాణిలా కూర్చుని వెళ్లిందావిడ. దిగాక చీర నిండా ఆకు వాసన. ఆవిడకు అదే ఆ ప్రయాణంలో బాగా నచ్చిన ఘట్టమట. అందరి అత్తగార్లూ అలా సర్దుకోరు కదా. రోడ్డు బాగాలేని చోట లాడ్జివాళ్లే మెయిన్ రోడ్డు దాకా జీపు పంపుతారు, దానికి విడిగా ఎంతో ముందే మాట్లాడుకోండి.

రెండో ప్రశ్న మెట్లు. కొండవాలు మీద కట్టినవి కాబట్టి భోజనాల గది పైన, పడక గది ముప్పై మెట్ల కింద ఉండటం మామూలే. 'వ్యూ రూమ్' అని ఎక్కువ డబ్బు తీసుకునేది సాధారణంగా అన్నిటికంటే కింద ఉన్న గది. అమ్మగారికి భోజనాల గదికి సమంగా ఉన్నది అడగండి, వ్యూ వరండాలోంచి ఎలాగూ కనపడుతుంది.

మూడోది, ఆ తేదీల్లో ఎవరైనా గుంపుగా బుక్ చేశారా అని. శని, ఆదివారాలు, పైగా పోయ రోజు (పౌర్ణమి, అక్కడ ప్రతి పౌర్ణమీ సెలవే) కలిసొస్తే కొలంబో నుంచి వ్యాన్లకు వ్యాన్లు కొండెక్కుతాయి. ఓసారి పక్క గదుల్లో ఇరవై మంది కుర్రాళ్లు, వాళ్ల స్పీకరు, తెల్లవారుఝాము రెండు దాకా పాటలు. యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఆయన మాత్రం ఏం చేస్తాడు. సోమవారం నుంచి గురువారం మధ్యలో పెట్టుకుంటే అదే లాడ్జి వేరే లాడ్జిలా ఉంటుంది, రేటు కూడా కాస్త దిగొస్తుంది. రేటు మాటొచ్చింది కాబట్టి: వాళ్లు చెప్పిన అంకె మీద 10 శాతం సర్వీసు చార్జి, 18 శాతం వ్యాట్ పడుతుందా, అందులోనే కలిసి ఉందా అని అడగండి. డ్రైవరుకు పడక, భోజనం వాళ్లే ఇస్తారా అని కూడా. అక్కడ చాలా చోట్ల డ్రైవర్ల గది ఉంటుంది, లేని చోట పాపం కారులో పడుకుంటారు.

బోరు కొడుతుందా అన్నారు. మొదటి రోజు సాయంత్రం కొడుతుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఫోన్ సిగ్నల్ గోడ పక్కన ఒక గీత, గది అవతల సున్నా. ఆరున్నరకు చీకటి. పాప "ఇప్పుడేం చేద్దాం" అని నాలుగుసార్లు అడుగుతుంది. అందుకే ఒక్క రాత్రికి వెళ్లొద్దంటాను. ఒక్క రాత్రి ఉన్నవాళ్లు ఆ విసుగు మాత్రం అనుభవించి దిగిపోతారు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ ప్రశ్న ఆగిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ఒక ఉదయం చెప్పాలి.

డిక్‌ఓయా పైన ఒక చిన్న లాడ్జి. ఆరు కాకముందే వంటింటి వైపు నుంచి గరగరమని శబ్దం. వెళ్లి చూస్తే వంటమనిషి హిరమనె మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నాడు. మన కోరు పీటే అది, కాకపోతే కాస్త ఎత్తుగా, ముక్కాలిపీట మీద ముందుకు పొడుచుకొచ్చిన పళ్ల చక్రం. చిప్పను రెండు చేతులతో తిప్పుతుంటే తెల్ల పొడి కింద పళ్లెంలో కుప్పపడుతోంది. పక్కన పొయ్యి మీద నీళ్లు, తడి కట్టె పొగ. కిటికీలోంచి చూస్తే కింద లోయ నిండా మంచు, పాలగిన్నె పొంగు మీదున్నట్టు. ఆరున్నర దాటాక ఎదుటి కొండ కొసకు ఎండ తగిలింది. ఎండ గీత ఒక్కో వరస తేయాకు మొక్కల మీదుగా దిగుతూ, దాని వెనకే మంచు వెనక్కి జరుగుతూ, మా పచ్చిక దగ్గరికి వచ్చేసరికి దాదాపు గంట పట్టింది. ఆ గంటసేపు మా అమ్మాయి, అప్పుడు పదేళ్లది, మెట్టు మీద కూర్చుని "ఇప్పుడు ఆ చెట్టు, ఇప్పుడు ఆ రాయి" అని లెక్క చెప్పింది. ఆ తర్వాత పసుపు చెవుల పిగిలిపిట్టలు రెండు జామచెట్టు మీదికొచ్చాయి, కొండల్లో తప్ప అవి కనపడవు. ఏడున్నరకు ఆకు కోసేవాళ్లు వరసగా ఎక్కారు. టిఫిన్ తినేసరికి తొమ్మిది. ఏమీ చేయలేదు, మూడు గంటలు అయిపోయాయి.

రెండో రోజు పది గంటలకు ఏదైనా టీ ఫ్యాక్టరీ చూడండి. ఆదివారం, పండుగ రోజు వద్దు, యంత్రాలు ఆగి ఉంటాయి. పాపకు నచ్చుతుంది. పై అంతస్తుల్లో పొడుగాటి తొట్లలో ఆకు పరిచి కింద నుంచి గాలి కొట్టి వాడబెడతారు, తర్వాత నలిపే యంత్రం, పులియబెట్టడం, కాల్చడం, జల్లెళ్లు. నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో పొడి వస్తుంది. మనం ఇంట్లో కాచే డస్టు ఆ జల్లెళ్లలో అన్నిటికంటే కింద పడేది. అది తెలిశాక మా ఆవిడ మొహం చూడాల్సింది. అసలు ఈ కొండలన్నీ ఒకప్పుడు కాఫీ తోటలు. 1869లో ఆకుతుప్పు తెగులు మొదలై, ఓ ఇరవై ఏళ్లలో కాఫీని ఊడ్చేసింది. అప్పటికే 1867లో లూల్‌కందుర ఎస్టేటులో జేమ్స్ టేలర్ అనే స్కాట్లాండు ఆయన 19 ఎకరాల్లో తేయాకు వేసి ఉన్నాడు, అదే అందరికీ దారైంది.

ఆకు కోసేవాళ్ల గురించి ఒక మాట. వాళ్లు తమిళులు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట తమిళనాడు నుంచి కూలికి తెచ్చినవాళ్ల సంతతి. 1948లో స్వతంత్రం రాగానే చేసిన చట్టంతో వాళ్లలో చాలామంది ఏ దేశానికీ చెందకుండా పోయారు. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారికీ, వాళ్ల ప్రధాని సిరిమావో బండారనాయకెకూ కుదిరిన ఒప్పందం తర్వాత లక్షల మందిని ఇండియాకు పంపారు. మిగిలిన వాళ్లకు పౌరసత్వం పూర్తిగా దక్కింది 2003లో. 'లయం' అని పిలిచే వరస గదుల్లో ఇప్పటికీ ఉంటున్నారు, ఎస్టేటును బట్టి రోజుకు పదహారు నుంచి ఇరవై కిలోల ఆకు కోయాలి. వాళ్ల ఫొటో తీయాలంటే అడిగి తీయండి. లయంలోకి, వాళ్లు పిలిస్తే తప్ప, చూడ్డానికని వెళ్లకండి.

మీరు సంక్రాంతికి వెళ్తున్నారు కాబట్టి పిలుస్తారు. వాళ్లకు తై పొంగల్, దేశమంతా సెలవు. గడపల ముందు ముగ్గు, వీధిలో మూడు రాళ్ల పొయ్యి, పొంగే కుండ. మన పిల్లలు అపార్ట్‌మెంట్ బాల్కనీలో చూసే సంక్రాంతి కంటే ఇదే అసలు సంక్రాంతిలా ఉంటుంది. ఆ రోజు మాత్రం నిశ్శబ్దం ఆశించకండి, ఎస్టేటు కోవెల మైకు ఐదింటికే మొదలవుతుంది, లోయ అంతా మోగుతుంది.

జనవరి శ్రీపాద కొండ యాత్ర నడిచే కాలం కూడా. డిసెంబర్ పౌర్ణమి నుంచి మేలో వచ్చే వెసాక్ (మన బుద్ధ పౌర్ణమి) దాకా. కొండ 2,243 మీటర్లు, పైన ఉన్న పాదముద్రను బౌద్ధులు బుద్ధుడిదంటారు, హిందువులు శివుడిదంటారు, ముస్లింలు ఆదాముదంటారు. నల్లతన్ని వైపు నుంచి సుమారు 5,500 మెట్లు. అలిపిరి మెట్లు 3,550 అని గుర్తుపెట్టుకుని నిర్ణయించుకోండి. యాత్రికులు ఎక్కేది అక్కడి నుంచే కాబట్టి నల్లతన్ని ఊళ్లో గది తీసుకోకండి, రాత్రంతా బస్సులు, జనం. మస్కెలియా జలాశయం ఇవతల ఒడ్డున ఎక్కడైనా ఉంటే, చీకటి పడ్డాక వరండాలో కూర్చునే మెట్ల దారి దీపాలు కొండ కొసదాకా కనపడతాయి, చుక్కలతో కలిసిపోయి ఎక్కడ ఆగిందో తెలియదు. మీ అమ్మగారు దణ్ణం అక్కడి నుంచే పెట్టుకోవచ్చు. ఆ జలాశయం కట్టినప్పుడు పాత మస్కెలియా ఊరు మునిగిపోయింది. నీళ్లు బాగా తగ్గిన ఏళ్లలో పాత గుడి బయటపడుతుంది, మన శ్రీశైలం నీళ్లలో సంగమేశ్వరం తేలినట్టు.

తిండి. శాకాహారం దొరుకుతుందా అంటే, కడుపు నిండా దొరుకుతుంది. కానీ చేప మీకు తెలియకుండా కూరలోకి వస్తుంది. ఉంబలకడ అని ఎండబెట్టిన చేప పొడి, మాల్దీవు చేప అంటారు, మనం ఇంగువ వేసినంత తేలిగ్గా వాళ్లు కూరగాయల్లో వేసేస్తారు. పోల్ సంబోల్ అనే కొబ్బరి కారం, 'మోజు' అనే వంకాయ కూర, ఆకుకూరల వేపుడు, అన్నిటిలో. వాళ్ల దృష్టిలో అది చేపకూర కాదు, మసాలా. "వెజిటేరియన్" అంటే తలూపి మరీ వేస్తారు. సింహళ వంటమనిషైతే "ఉంబలకడ దాన్న ఎపా" అనండి, వేయొద్దని. ఎస్టేటు వైపు వంటవాళ్లు తమిళులు, వాళ్లతో "మాసి పోడాదీంగ" అంటే చాలు. బుక్ చేసేటప్పుడు ఒకసారి, దిగిన వెంటనే వంటింట్లోకి వెళ్లి ఒకసారి చెప్పండి. మధ్యలో మేనేజరుకు చెప్పినది వంటింటిదాకా చేరదు.

అది దాటితే పండుగే. ఇడియాప్పం, దాని మీద కొబ్బరిపాల 'కిరిహొది', పప్పుకు 'పరిప్పు' అంటారు, అన్నంలో నెయ్యి లేకపోయినా దిగిపోతుంది. పొలొస్ అని లేత పనస ముక్కలు గంటలకొద్దీ ఉడికించిన కూర, గోదావరి పనసపొట్టు కూర తిన్న నాలుకకు కొత్త అనిపించదు, ఆవ మాత్రం ఉండదు. చివర్లో గేదె పెరుగు మీద కితుల్ పాకం. కితుల్ అంటే మన జీలుగ చెట్టే, రంపచోడవరం వైపు కల్లు తీసేది. అక్కడ ఆ గెల నీరు మరిగించి తేనెలా చిక్కబెడతారు, బెల్లం కూడా చేస్తారు. అసలు పాకం కాస్త పొగ వాసన వేస్తుంది. పొగ వాసన లేకుండా తియ్యగా మాత్రమే ఉంటే చక్కెర కలిసినట్టే. ఆవకాయ సీసా ఒకటి తీసుకెళ్లండి, మీకోసం కాదు, వంటమనిషికి. ఆ తర్వాత మీకు వడ్డించే తీరు చూడండి.

జలగల గురించి అంత భయం వద్దు. పొడిగా ఉన్న తేయాకు వరసల్లో, లాడ్జి పచ్చికలో జనవరిలో ఉండవు. అడవి నీడలో, వాగు పక్కన తడి ఆకుల్లో ఉంటాయి. అటు వెళ్తే ప్యాంటు అంచు మేజోళ్లలో దోపి, మేజోళ్లకు పొడి సబ్బు గట్టిగా రుద్దండి. పట్టుకుంటే లాగకండి, గోటితో పక్కకు తోస్తే వదులుతుంది. రక్తం కాసేపు ఆగదు, అది దాని ఉమ్మి పని, చూసి హడలిపోవడమే తప్ప ప్రమాదం లేదు. సబ్బునీళ్లతో కడిగి దూది అదిమిపెట్టండి.

అమ్మగారి మందులు రెండు రోజులకు సరిపడా ఎక్కువే ఉంచుకోండి. డిక్‌ఓయాలో మన ప్రభుత్వ సాయంతో కట్టిన 150 పడకల ఆసుపత్రి ఉంది, 2017లో తెరిచారు. ఆ వైపు లాడ్జి ఎంచుకోమనడానికి అదీ ఒక కారణమే.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. విమానం రాత్రి దిగితే ఆ రాత్రే కొండెక్కకండి, విమానాశ్రయం దగ్గరే ఉన్న నెగొంబోలో పడుకుని పొద్దున బయల్దేరండి. అవిస్సావెల్ల, కితుల్‌గల, గినిగత్తేన మీదుగా హట్టన్‌కు నాలుగైదు గంటలు. గినిగత్తేన దగ్గర మలుపులకు పాపకు వాంతి వస్తుంది, ముందు సీటు తనకివ్వండి. రైలు అందంగా ఉంటుంది, నిజమే. కానీ 2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫానుకు ఆ కొండల్లో చరియలు విరిగి వందల ప్రాణాలు పోయాయి, రైలు పట్టాలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి. రైలు ఎక్కడిదాకా నడుస్తోందో బుకింగ్‌కు ముందు లాడ్జివాళ్లనే అడగండి, రోజూ చూసేది వాళ్లే. అలాగే, రెండు రోజులు ఎడతెగని వాన పడి కొండచరియల హెచ్చరిక వచ్చిందంటే కట్టిన డబ్బు గురించి ఆలోచించకండి. ఒకసారి మేం ఒక రోజు ముందే దిగిపోయాం. ఆ మర్నాడు మా లాడ్జికేమీ కాలేదు, దారి మాత్రం మూడు రోజులు మూసేశారు.

చివరి రాత్రి క్యాండీలో పెట్టుకోండి, హట్టన్ నుంచి నవలపిటియ, గంపొల మీదుగా రెండున్నర మూడు గంటలు. బుద్ధుడి దంతం ఉన్న దంత మందిరం చూసి, ముందున్న చెరువు గట్టున కాసేపు నడవండి. ఆ చెరువు 1807లో కట్టించిన శ్రీ విక్రమ రాజసింహుడు, క్యాండీ చివరి రాజు, మదురై వైపు నుంచి వచ్చిన తెలుగు మూలాల నాయక్కర్ వంశం వాడు. 1815లో మెదమహనువర దగ్గర ఇంగ్లీషు వాళ్లకు పట్టుబడ్డాడు, వేలూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. పాపకు ఈ కథ చెప్తే మందిరంలో కాస్త కుదురుగా నడుస్తుంది.

మీ తేదీలు, అనుకుంటున్న లాడ్జి ఏ ఊరికి దగ్గరో చెప్తే అది కొండకు ఏ వాలులో ఉందో చూసి చెప్తాను. ఈలోపు ఏజెంటుకు బీచ్ వద్దని చెప్పేయండి. ఆయన "కనీసం ఒక రాత్రి ఎల్లా పెడదాం సార్" అంటాడు, దానికీ వద్దనే చెప్పండి.